గేదెల అటెండరు ఎంచిన పిల్లుల డాక్టరు

కుక్కపిల్లనో పిల్లికూననో ఇంటికి తెచ్చుకోగానే మీ కుర్ర వయసు వాళ్లు మొదట అడిగేది ఒకటే: దగ్గర్లో మంచి డాక్టరు ఎవరండీ? అడగడం మంచిదే. ఎవర్ని అడుగుతున్నారో మాత్రం చూసుకోండి. విజయవాడలో మా వీధి వీధంతా చాలాకాలం నన్నే అడిగింది. నేను పశువుల ఆస్పత్రిలో అటెండరుని. ఆ సలహాలు ఎలా ఇచ్చేవాణ్ణో, ఒక ఆదివారం నాడు అవి ఎక్కడికి వచ్చి ఆగాయో రాస్తున్నాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. ఉన్నదున్నట్టు చెబుతాను.

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం పామర్రు చుట్టుపక్కల గడిచింది. అక్కడ డాక్టర్ని ఎంచుకోవడం అనే మాటే లేదు. ఆస్పత్రి ఒకటే, డాక్టరు ఒకరే. ఆయన ఊళ్లో ఉంటే అదృష్టం. నా పని గేదెను పడెయ్యడం. కొమ్ముల మొదట్లో తాడు ముడి వేసి, ఒంటి చుట్టూ రెండు చోట్ల ఉచ్చు తిప్పి, వెనక నిలబడి లాగితే ఎంత గేదెయినా మోకాళ్లు మడిచి కూర్చుంటుంది. చుట్టుపక్కల నాలాగా పడేసేవాడు లేడని రైతులు అనేవారు. వాళ్లు అనకపోయినా నేను అనుకునేవాణ్ణి.

అప్పటి మా డాక్టరు గారు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మణికట్టు నా పిక్క అంత ఉండేది. ఒకసారి వానలో, కాలవ గట్టు పక్కన, అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి తీశారు. ఆయన ఒంటి మీద పొడిగా ఉన్న చోటు లేదు. దూడ బతికింది, గేదె బతికింది. ఆ రోజు నుంచి నాకు డాక్టరంటే ఆయనే. మిగతా వాళ్లు ఆయనకి ఎంత దూరంలో ఉన్నారని కొలవడమే నాకు తెలిసిన లెక్క.

సర్వీసు చివర్లో నన్ను విజయవాడ ఆస్పత్రికి మార్చారు. ఇక్కడ గేదెలు తక్కువ. కంకిపాడు వైపు నుంచి ఎప్పుడైనా ఒకటి వ్యానులో వస్తే నాకు చుట్టం వచ్చినట్టుండేది. మిగతావన్నీ కుక్కలు, పిల్లులు. వచ్చిన మొదటి రోజే ఒకావిడ పిల్లిని తెచ్చి బల్ల మీద పెట్టింది. కొత్త చోటు కదా, నా పనితనం చూపిద్దామనుకున్నాను. సన్న తాడు తీసి, ముందుకాళ్లకి ఒక ఉచ్చు, వెనక్కాళ్లకి ఒక ఉచ్చు వేయబోయాను. ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. పిల్లి నా చొక్కా మీదుగా భుజమెక్కి, భుజం మీదుగా తలెక్కి, అక్కణ్ణుంచి మందుల బీరువా మీదికి చేరింది. తాడు నా చేతులకే చుట్టుకుంది.

ఆస్పత్రి పెద్ద డాక్టరు గారు కళ్లజోడు సర్దుకుని, "పెద్దాయనా, దాన్ని పడెయ్యక్కర్లేదండీ. అది అప్పటికే పడుకునుంది," అన్నారు.

మా కాంపౌండరు నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం నాకంటే పెద్దది. "పేషెంటేమో బీరువా మీద, అటెండరేమో కట్లలో. సూది ఎవరికి వెయ్యమంటావన్నా?" అన్నాడు. ఆ మాట ఆస్పత్రిలో చాన్నాళ్లు నడిచింది.

మా వీధిలో మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడ నేను పశువుల ఆస్పత్రి బాబాయిని. చేతుల మీద గీతలు చూసి, "పెద్ద కుక్కాండీ?" అని అడిగితే, "ఆఁ, పెద్దదే," అనేవాణ్ణి.

మా ఆస్పత్రి మూసి ఉండే వేళ, సెలవు రోజుల్లో, జనానికి ప్రైవేటు డాక్టరు కావాలి. అప్పుడు నా దగ్గరికి వచ్చేవారు. "బాబాయి గారూ, ఎవరి దగ్గరికి తీసుకెళ్లమంటారండీ?" అని. నేను కుర్చీ జరుపుకుని చెప్పేవాణ్ణి. డాక్టరు మణికట్టు చూడాలి. జంతువు లోపలికి వెళ్లి ఎంతసేపట్లో బయటికి వచ్చిందో చూడాలి, ఎంత తొందరగా వస్తే అంత మంచి డాక్టరు. దాన్ని ముద్దు చేస్తూ కూర్చునే చోటికి పోనే పోకూడదు. ఈ లెక్కలన్నిటికీ సరిపోయేది ఒక్కరే. పామర్రు నాటి మా డాక్టరు గారు. ఆయన రిటైరై విజయవాడ మెయిన్ రోడ్డు మీద క్లినిక్ పెట్టారు. కుక్క లోపలికి పోయేది, సూది పడేది, యజమాని చెప్పులేసుకునే లోపు బయటికొచ్చేది.

మా పై వాటాలో అద్దెకున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోను తీసి, "అంకుల్, కాలవ పక్క సందులో ఒక లేడీ డాక్టరు ఉన్నారు. ఆవిడకి స్టార్లు ఎక్కువున్నాయి," అన్నాడు ఒకరోజు.

"ఆ స్టార్లు పెట్టింది కుక్కలా బాబూ?" అన్నాను. వీధి నవ్వింది. అబ్బాయి కూడా నవ్వి, "అలాగే అంకుల్, మీరు చెప్పినట్టే," అని పైకి వెళ్లిపోయాడు.

అంతటితో ఊరుకోలేదు నేను. ఆ డాక్టరమ్మ సంగతేంటో చూసొద్దామని ఒక సాయంత్రం ఆ సందులోకి పోయాను. రెండు గదులు. తలుపు తీసే ఉంది. ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఒక బుట్ట. బుట్టలో పిల్లి. ఆవిడ పిల్లిని చూడదు, పిల్లి ఆవిణ్ణి చూడదు. నేను ఎదురు కొట్లో టీ తాగి, గ్లాసు ఇచ్చి, మళ్లీ తొంగి చూశాను. ఇద్దరూ అలాగే ఉన్నారు. వీధికొచ్చి తీర్పు చెప్పాను: "ఆవిడకి పిల్లిని పట్టుకోవడం రాదు. అదే విసుగెత్తి బయటికొచ్చి, ఇదిగో నా జబ్బు అని చూపించేదాకా కూర్చుంటుంది." మళ్లీ నవ్వారు. మా చర్చి పాస్టరమ్మ గారు కూడా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడకీ ఒక పిల్లి ఉంది.

ఇంతమంది అడిగారు కానీ మా ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. ఆవిడకి ఎర్రోడని ఒక మగపిల్లి ఉండేది. చేపల బజారు నుంచి ఆవిడ సంచి వెంటపడి వచ్చి ఇంట్లో పాతుకుపోయింది. సాయంత్రం ప్రార్థనకి మోకరిస్తే దాని చోటు ఆవిడ చీర కుచ్చిళ్ల మీద. నాతో చెప్పాల్సినవి కూడా దానితోనే చెప్పేది. "ఎర్రోడా, పప్పులో ఉప్పు చాలకపోతే వేసుకోమను ఈయన్ని. మొహం అలా పెట్టొద్దను," అని. నాకు ఆ పిల్లితో పెద్ద స్నేహమేమీ లేదు. కానీ అది లేకపోతే మా ఇంట్లో నాకు ఏ కబురూ చేరదు.

ఆ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికొచ్చేసరికి ఎర్రోడు బాత్రూం మూల కూర్చునుంది. ముక్కుతుంది, లేస్తుంది, రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంటుంది. సన్నగా ఒక అరుపు. మా ఆవిడ ఆరాధనకి కట్టుకున్న తెల్లచీరతోనే దాని పక్కన కూలబడింది.

నేను గుమ్మంలో నిలబడే రోగం చెప్పాను. "మలబద్ధకం. ఆముదం పట్టిస్తే సరి."

గేదెకి మందు పట్టడం నాకు నీళ్లు తాగినంత తేలిక. తల పైకెత్తి, దవడ పక్కనుంచి గొట్టం పెట్టి పోసేస్తే మింగక చస్తుందా. పిల్లికి గొట్టం ఎక్కడ పెడతాం, చెంచా పట్టుకున్నాను. తువ్వాల్లో చుట్టి, తల పైకెత్తి, దవడ పక్కన చెంచా పెట్టాను. చెంచా ఎగిరింది. ఆముదం నా మీసం మీదుగా గడ్డం దాకా కారింది.

"దానికి పోయాల్సింది మీరు తాగినట్టున్నారు," అంది మా ఆవిడ. నవ్వలేదు. "లేవండి. డాక్టరు దగ్గరికి పోదాం."

కూరగాయల బుట్టలో దాన్ని పెట్టి, పైన తువ్వాలు కట్టి, ఆటో ఎక్కాం. ఎక్కడికని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నేనే చెప్పాను, మెయిన్ రోడ్డుకి పోనివ్వమని.

క్లినిక్‌లో జనం బాగా ఉన్నారు. నన్ను చూడగానే మా డాక్టరు గారు లోపలి నుంచే చెయ్యి ఊపారు. అంతమందిని దాటుకుని వెళ్లడం నాకు గర్వంగా ఉంది. మా ఆవిడ వైపు ఓసారి చూశాను, గమనించిందా లేదా అని. ఆవిడ బుట్టనే చూస్తోంది.

"ఏవోయ్, పిల్లిని పట్టావేంటి. తాడేదీ?" అన్నారాయన.

"మలబద్ధకమండీ. ఇందాకటి నుంచి ముక్కుతోంది," అన్నాను.

"నువ్వు చెప్పాక ఇంక నేను చూసేదేముంది," అని తువ్వాలు ఓ పక్కకి తొలగించి, తొడలో సూది వేసి, సిరప్ ఒకటి చేతిలో పెట్టారు. "రేపటికి సర్దుకుంటుంది పో."

నా ఉద్యోగ జీవితంలో నా మాటకి అంత విలువిచ్చిన డాక్టరు ఇంకొకరు లేరు. ఛాతీ పొంగింది. మళ్లీ ఆటో ఎక్కేసరికి బుట్టలో పిల్లి కక్కుకుంది. అరుపు కూడా ఆగిపోయింది. ఒళ్లు పక్కకి వాల్చేసింది.

"ఆయన చెయ్యి పెట్టి చూడలేదేంటండీ?" అంది మా ఆవిడ.

"నేను చెప్పాను కదా."

"నా భయం అదే," అని, ఆటో అబ్బాయి భుజం తట్టింది. "బాబూ, కాలవ పక్క సందులోకి తిప్పు."

"అక్కడెందుకు?" అన్నాను.

జవాబు కూడా ఎర్రోడికే చెప్పింది. బుట్టలోకి వంగి, "కాస్త ఓర్చుకోరా ఎర్రోడా. మీ డాక్టరమ్మ దగ్గరికే పోతున్నాం," అంది. మీ డాక్టరమ్మ అనడం నేను విన్నాను. నేను ఆస్పత్రికి పోయిన వేళల్లో ఈ బుట్ట ఈ సందులోకి ఎన్నిసార్లు వచ్చి పోయిందో అప్పుడు మెల్లగా తలకెక్కింది.

అసలు దెబ్బ లోపల ఉంది. గుమ్మం పక్కన ఒక బెంచీ. దాని మీద ఒక చివర మా పై వాటా అబ్బాయి, కాళ్ల దగ్గర వాళ్ల కుక్క. మధ్యలో ఒళ్లో బుట్టతో పాస్టరమ్మ గారు. రెండో చివర కుక్కపిల్లను గుండెకి హత్తుకుని మా కాంపౌండరు. వీళ్లలో ఒక్కరు కూడా నన్ను అడక్కుండా ఉన్నవాళ్లు కాదు. నేను చెప్పింది విని, "అలాగేనండీ, మీరు చెప్పాక తిరుగేముంది," అన్నవాళ్లే. ముగ్గురూ ఒకేసారి నేల వైపు చూశారు. పెద్దవాణ్ణి అడక్కపోతే మర్యాద కాదు, అడిగి కాదంటే అంతకంటే మర్యాద కాదు. అందుకని అడిగి, అలాగేనండీ అని, నేరుగా ఇక్కడికి వచ్చేవారన్నమాట. నాకు కనపడకుండా రావడానికి కాలవ గట్టు చుట్టూ తిరిగి వచ్చేవారని తర్వాత తెలిసింది.

పాస్టరమ్మ గారికి అబద్ధం చేతకాదు. "మెయిన్ రోడ్డుకే బయలుదేరాం బాబూ," అని మొదలుపెట్టి, ఎలా ముగించాలో తోచక, పిల్లి తల నిమురుతూ ఉండిపోయారు.

డాక్టరమ్మ గదిలోంచి వచ్చింది. మా ఆవిడ మొహం చూసింది, బుట్ట చూసింది. ఆ రోజు నేల మీద కూర్చోలేదు. వరసలో ఉన్నవాళ్లను ఆగమని, తువ్వాలు విప్పి, నేరుగా దాని పొట్ట కింద చెయ్యి పెట్టింది.

"మూత్రం ఎప్పుడు పోసిందమ్మా?"

"నిన్న సాయంత్రం చూశానండీ. తర్వాత లేదు."

నా నోరు ఊరుకోలేదు. "మలబద్ధకం అండీ. మెయిన్ రోడ్డులో సూది కూడా వేయించాం," అన్నాను.

ఆవిడ తలెత్తకుండానే, "బాబాయి గారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి," అంది. నా వేళ్లు పట్టుకుని పొట్ట కింద ఆనించింది. లోపల బత్తాయి కాయంత గుండ్రంగా, రాయిలా గట్టిగా తగిలింది. "ఇది మూత్రం తిత్తండీ. దారి మూసుకుపోయింది. మగపిల్లులకి అవుతుంటుంది. ముక్కేది దీనికోసమే. చూసేవాళ్లకి మలబద్ధకంలాగే ఉంటుంది. ఇలాగే వదిలేస్తే విషం రక్తంలోకి ఎక్కి గుండె ఆగిపోతుంది. ఇప్పటికే ఆలస్యమైంది. మత్తిచ్చి గొట్టం వేస్తాను. బతుకుతుందని మాట ఇవ్వలేను."

మా ఆవిడ వంగి ఎర్రోడి చెవులు నిమిరింది. నన్ను ఓ మాట అని ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయికి ఆదివారం సెలవట. ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చాను. ఇంతకాలం చేసిన పని అదే కదా. డాక్టరమ్మ నా చేతుల వైపు చూసింది. అవి అప్పటికే దాని మెడ దగ్గరా తొడల దగ్గరా బిగుసుకుని ఉన్నాయి. నాకు తెలియకుండానే పడేసే పట్టు పట్టాను.

"మీరు బయట కూర్చోండి బాబాయి గారూ. అమ్మ పట్టుకుంటారు," అంది.

తలుపు మూశారు. బెంచీ మీద కాంపౌండరు కాస్త జరిగి చోటిచ్చాడు. కాసేపటికి నేనే అడిగాను, "నువ్వు కూడానా?" అని.

"ఏం చెయ్యమంటావన్నా. ఇది మా అమ్మాయి కుక్క," అన్నాడు. ఆస్పత్రిలో ఉండే వెటకారం లేదు ఆ గొంతులో. "మనం రోజూ బిగబట్టి సూదేసి పంపిస్తాం. పనయిపోతుంది. కానీ సాయంత్రం ఇంటికి పోతే నా చేతుల వాసనకే ఇది మంచం కిందికి దూరుతుంది. ఇక్కడికొస్తే దూరదు. నోరు తెరిచి పళ్లు కూడా చూపిస్తుంది."

పై వాటా అబ్బాయి గొంతు సవరించుకుని, "అంకుల్, ఏమనుకోకండి. మీరు వద్దన్నవే మాకు బాగా కలిసొచ్చాయి. ఫ్రిజ్ కూడా అలాగే కొన్నాం," అన్నాడు.

పాస్టరమ్మ గారు ప్రార్థన చేద్దామన్నారు. కాంపౌండరు వాళ్లది మా మతం కాదు, అయినా వాడూ కుక్కపిల్లను చంకలో ఇరికించుకుని చేతులు జోడించాడు. "తండ్రీ, నీవు చేసిన ఈ చిన్న ప్రాణిని ముట్టి స్వస్థపరచుము. లోపలున్న సహోదరికి ధైర్యమిమ్ము. దీన్ని రెండు చోట్లకి తిప్పి తెచ్చిన సహోదరుణ్ణి కూడా కనికరించుము," అన్నారావిడ. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నాది అందరికంటే గట్టిగా వినబడింది.

ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపు నా లెక్కలన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. తొందరగా బయటికొస్తే మంచి డాక్టరన్నాను. మా పిల్లి తొందరగానే బయటికొచ్చింది. పెద్ద మణికట్టు కావాలన్నాను. ఆ మణికట్టు ఇవాళ బుట్టలోకి దిగనే లేదు. మెయిన్ రోడ్డు డాక్టరు గారిని తప్పు పట్టడానికి కూడా లేదు నాకు. ఆయన విన్నది నా మాట.

తలుపు తెరుచుకుంది. మా ఆవిడ తెల్లచీర మీద ముందంతా ఎర్రగా పచ్చగా మరకలు.

"పోసిందండీ," అంది. "ఆగకుండా పోసింది." అని నా పక్కన కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

గొట్టం ఉంచి రెండు రోజులు అక్కడే పెట్టుకున్నారు. మళ్లీ మూసుకుపోవచ్చునని, నీళ్లు ఎక్కువ తాగించాలని, మూత్రం పోస్తోందో లేదో రోజూ కనిపెట్టి చూడాలని డాక్టరమ్మ మా ఆవిడకి చెప్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను. నన్ను ఎవరూ వినమనలేదు.

సోమవారం పొద్దున మెయిన్ రోడ్డు డాక్టరు గారికి ఫోను చేసి సంగతి చెప్పాను. "దూడకైతే చెయ్యి పెట్టకుండా ఒక్కనాడూ మందు ఇవ్వలేదోయ్ నేను. నీ మాట ఎందుకు విన్నాను?" అన్నారాయన.

"మా వీధిలో ఎవరూ వినరండీ. మీరొక్కరే విన్నారు," అన్నాను. ఆయన నవ్వారు. అటుపైన ఆయన దగ్గరికి పిల్లితో ఎవరొచ్చినా, "ఏమైందో చెప్పకండి, ముందు నన్ను చూడనివ్వండి," అంటున్నారని కాంపౌండరు చెప్పాడు.

కాబట్టి మీకు చెప్పేది ఇదే. బోర్డు చూడకండి, మణికట్టు చూడకండి, నాలాంటి వాడి మాట వినకండి. మీరు రోగం పేరు చెప్పినా పట్టించుకోకుండా ముందు జంతువు ఒంటి మీద చెయ్యి వేసే వాళ్ల దగ్గరికి పోండి. ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పోసింది అని అడిగే వాళ్ల దగ్గరికి పోండి. జంతువుకి ఒంట్లో బాగున్న రోజే ఒకసారి తీసుకెళ్లి చూపించుకు రండి. మా ఆవిడ చేసిన పని అదే. ఆ ఆదివారం తలుపు దగ్గరే డాక్టరమ్మ మా ఆవిణ్ణీ బుట్టనీ గుర్తుపట్టింది. లోపల నా మాటకి బదులు పిల్లి పొట్టను నమ్మింది.

మంగళవారం సాయంత్రం ఎర్రోణ్ణి ఇంటికి తెచ్చాం. చిక్కిపోయింది. మంచం మీద దించితే, తూలుతూ నాలుగడుగులు వేసి, మర్నాడు డ్యూటీకి వేసుకోవడానికి ఇస్త్రీ చేసి పెట్టుకున్న నా ఖాకీ ప్యాంటు మీదికెక్కింది. ఓసారి చుట్టూ తిరిగి కూర్చుంది. మడత మధ్యలో ముందు చిన్న తడి కనబడింది. అది మెల్లగా పెద్దదైంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "కదలకండి, బెదురుతుంది," అంది గొంతు తగ్గించి. అది పూర్తిగా పోసి లేచేదాకా మంచం పక్కన ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.